ఆరో తరగతి ఎందుకు తెరిచాను, ఎందుకు మూశాను

బడి పెట్టాలని నా దగ్గరికి వచ్చేవాళ్ళు ఈ మధ్య ఎక్కువయ్యారు. కోలారు పక్కన నరసాపురం వైపు ఫ్యాక్టరీలు వచ్చి, చుట్టుపక్కల అద్దె ఇళ్ళు నిండాక, ప్రతి రెండో మనిషికీ బడి పెట్టాలని ఉంది. బి.ఇడి. చదివిన పిల్లలు వస్తారు, ఉద్యోగం మానేసిన ఇంజనీర్లు వస్తారు. ఏ కాగితాలు కావాలి, ఏ ఆఫీసులో ఎవరిని చూడాలి అని అడుగుతారు. అవి చెప్పడానికి ఊళ్ళో ఏజెంట్లు ఉన్నారు. నేను ఇరవై ఏళ్ళు బడి నడిపాను. నాకు తెలిసింది వేరే. అది కూర్చుని నిదానంగా చెప్పడం నా వల్ల కాదు. సగంలో లేచి వాకిట్లోకి పోతాను, వచ్చేసరికి వాళ్ళు ఫోను చూసుకుంటూ ఉంటారు. అందుకని రాస్తున్నాను. రాస్తూ కూడా ఇప్పటికి మూడుసార్లు లేచాను.

నా చదువు సంగతి ముందే చెప్పేస్తే మంచిది. మాది కర్ణాటకలో టేకల్ దగ్గర పల్లె. ఊళ్ళో తెలుగు బడి నాలుగో తరగతి వరకే ఉండేది. ఐదుకు పక్క ఊరికి నడవాలి. ఇంట్లో పట్టుపురుగులకు ఆకు వేసే చేతులు కావాలి. నా చేతులు ఖాళీగా కనిపించాయి. అంతే. కన్నడం బస్సు బోర్డుల మీదా, తర్వాత ఆఫీసు బోర్డుల మీదా నేర్చుకున్నాను. ఈ రాతలో తప్పులుంటే దిద్దుకుని చదవండి.

ఐదు గంటలకు

కోలారు బంగారు గనులు మూతపడినప్పుడు మేము ఊరిగాంలో కంపెనీ క్వార్టర్సులో ఉన్నాం. మా ఆయన కంపెనీ ఆఫీసులో గుమాస్తా. గనిలో దిగిన మనుషులంతా ఏడాది తిరిగేలోగా బెంగుళూరు రైలెక్కారు. మగవాళ్ళు అపార్టుమెంట్ల ముందు కాపలాకి, ఆడవాళ్ళు గార్మెంట్సుకి. తెల్లవారకముందే రైలు. ఇల్లు చేరేది చీకటి పడ్డాక. ప్రభుత్వ బడి తెరిచేది పది దగ్గర. ఈ మధ్యలో పిల్లలు ఏం కావాలి?

మొదట పక్కింటామె తన ఇద్దరినీ మా అరుగు మీద కూర్చోబెట్టి పోయింది. నెల తిరిగేసరికి ముప్పై మంది అయ్యారు. ఐదు గంటలకు గేటు తీసేదాన్ని. రాగి గంజి కాచి పోసేదాన్ని. ఊరికే కూర్చున్న పిల్లల్ని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. చింతగింజలు పోసి ఎక్కాలు చెప్పించాను. తల్లులకు అది నచ్చింది. "పదికి ఇంగో చోటికి తోలేదేంటికి, నువ్వే ఒక టీచరమ్మను పెట్టుకోమ్మా" అన్నారు. నా బడి అట్లా మొదలైంది. గొప్ప ఆశయం ఏమీ లేదు. ఎవరైనా తమకు ఆశయం ఉందని చెబితే, పొద్దున ఎన్నింటికి లేస్తారని అడుగుతాను.

రామచంద్రయ్య మేష్ట్రు అని రిటైరైన హెడ్‌మాస్టరు మా వీధిలోనే ఉండేవాడు. ట్రస్టు రాయించింది, దరఖాస్తు పెట్టించింది ఆయనే. నన్ను వెంటబెట్టుకుని విద్యాశాఖ ఆఫీసుకి తీసుకుపోయాడు. అక్కడి గుమాస్తా పెన్ను తెరిచి అడిగాడు.

"కార్యదర్శి సరోజమ్మ. ఎంతవరకు చదివినారు?"

"నాలుగు."

"నాలుగంటే? డిగ్రీలో నాలుగో సెమిస్టరా?"

"నాలుగో తరగతి."

ఆయన పెన్ను మూసి పక్క టేబులు వైపు తిరిగాడు. "ఏమప్పా, ఇంగ మన ఆఫీసు ముందర టీ కాచే ఆయప్ప కూడా వస్తాడు చూడు, కాలేజీ పెడ్తానని."

"రానీ" అన్నాను. "టీ అయితే టైముకు ఇస్తాడు కదా. మీరు అదీ ఇస్తా లేరు."

మేష్ట్రు నా కొంగు పట్టి లాగినంత పనిచేశాడు. లోపలి గదిలో ఉన్న అధికారికి ఇదంతా వినపడింది. నవ్వుకుంటూ బయటికి వచ్చి ఒక మాట చెప్పాడు. "బడి పెట్టేవాళ్ళు ఇంత చదవాలని చట్టంలో లేదమ్మా. పాఠం చెప్పేవాళ్ళకే ఉండాది. మీరు బడి పెట్టొచ్చు. తరగతిలోకి మాత్రం పోవద్దు."

ఒకటి నుంచి ఐదు దాకా అనుమతి వచ్చింది. చింతగింజల డబ్బా డి.ఇడి. చదివిన అమ్మాయి చేతిలో పెట్టి నేను బయటికి వచ్చాను. ఆ అమ్మాయి మూడో ఎక్కం చెప్పేటప్పుడు కిటికీ పక్కన నిలబడి వినేదాన్ని. ఆ అధికారి చెప్పింది సరైన మాటే అని ఒప్పుకోవడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. ఒప్పుకున్నానని రాశాను గానీ, ఇప్పటికీ పూర్తిగా ఒప్పుకున్నానో లేదో తెలియదు.

పిసినారి బడి

నన్ను పిసినారి అనేవాళ్ళు. నిజమే. పాత నోటుపుస్తకాల్లో మిగిలిన తెల్లకాగితాలు చించి, దబ్బనంతో కుట్టి కొత్త పుస్తకాలు చేయించేదాన్ని. సుద్దముక్క గోటికి దొరికినంత వరకూ పారేయనిచ్చేదాన్ని కాదు. "నీ దగ్గర సుద్దముక్కకు కూడా రిటైర్మెంటు లేదు కదే" అనేవాడు మా ఆయన.

టీచర్ల దగ్గర కూడా గట్టిగానే ఉన్నాను. ఆలస్యంగా వచ్చిన టీచరు పిల్లల ముందు నాకు కారణం చెప్పాలని నియమం పెట్టాను. అది తప్పు. పిల్లల ముందు తల వంచిన టీచరు ఆ రోజంతా పిల్లల మీద విరుచుకుపడేది. నాకది అర్థమయ్యేలోపు మంచి టీచర్లు ఇద్దరు వెళ్ళిపోయారు. బడిలో దుబారా వల్ల నేను పోగొట్టుకున్నది ఏమీ లేదు. నోటి దురుసు వల్ల పోగొట్టుకున్నాను. కొత్తగా పెట్టేవాళ్ళు ఈ ఒక్కటి గుర్తుంచుకుంటే చాలు, మిగతాది వదిలేయండి. కాదు, వదిలేయకండి. అసలు సంగతి ఇంకా మొదలే కాలేదు.

హక్కు అనే మాట

మునెమ్మ అనే ఆమె గార్మెంట్సుకి పోయేది. మొగుడు ఒకప్పుడు గనిలో దిగినవాడు, ఇప్పుడు బెంగుళూరులో కాపలా ఉద్యోగం, ఆదివారాలే ఇంటికి వచ్చేవాడు. వాళ్ళ కూతురు కవిత మా దగ్గర ఐదు పూర్తి చేసింది. ఆ ఏడాది మునెమ్మ మా వాకిట్లో నిలబడి కదలలేదు.

"ఆరుకు ప్రభుత్వ బడిలో చేర్చు" అన్నాను.

"చేర్స్తానమ్మా. ఐదు గంటల నుంచి పది గంటల దాకా ఆ పాప యాడ ఉండాల? గని మట్టి పోసిన సైనైడ్ దిబ్బల మీదనా? పెద్దదయితా ఉండాది. తాళం వేసి పోతే భయం, తీసి పోతే ఇంగా భయం."

ఆమె ఒక్కతే కాదు. ఆరేడు మంది తల్లులు అదే మాట. ఆరు, ఏడు తరగతులు తెరవాలంటే మళ్ళీ అనుమతి కావాలి. దరఖాస్తు పెట్టాం. జవాబు లేదు. మా వైపు బడులన్నీ అప్పట్లో ఒకే పద్ధతి పాటించేవి. ముందు తరగతి మొదలుపెట్టేయడం, అనుమతి వచ్చేదాకా పిల్లల పేర్లు గుర్తింపు ఉన్న ఇంకో బడి రిజిస్టరులో రాయించడం. చదువు ఇక్కడ, పేరు అక్కడ. ఏడు పూర్తయితే టీసీ ఆ బడి పేరు మీద వస్తుంది. ఇది తప్పని ఎవరూ అనుకునేవాళ్ళు కాదు. నేనూ అనుకోలేదు.

మేష్ట్రు ఒక్కడే వద్దన్నాడు. "అమ్మా, అనుమతి వచ్చేదాకా ఒక ఏడాది ఆగు."

అదే వారం కోలారులో ప్రైవేటు బడుల సంఘం మీటింగు జరిగింది. అధ్యక్షుడు మైకు పట్టుకుని, బడి పెట్టి నడపడం కూడా ఒక వృత్తేననీ, అది ప్రతి పౌరుడి హక్కనీ ఢిల్లీ పెద్ద కోర్టు చెప్పేసిందనీ గట్టిగా చెప్పాడు. "మనం భిక్షం అడుక్కుంటా ఉండామా? మన హక్కు మనం అడుగుతా ఉండాము!" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. నాలుగో తరగతితో ఆగిపోయినదాన్ని, పెద్ద కోర్టు నా గురించి మాట్లాడింది అనిపించింది. ఆ మాట నాకు తలకెక్కింది. బస్సులో తిరిగి వస్తూ దారి పొడవునా అదే అనుకుంటూ వచ్చాను.

మర్నాడు మునెమ్మతో చెప్పాను. "తీసుకొని రా పాపను. ఆరు తెరుస్తాను. నాకు హక్కు ఉండాది."

"హక్కంటే ఏమమ్మా?"

"ఎవురూ మూసేదానికి కాదు అని."

అంత ధైర్యంగా, అంత తప్పుగా నేను ఇంకెప్పుడూ మాట్లాడలేదు. బంగారుపేట వైపు ఒక బడిలో పేర్లు రాయించాను. ఆ బడి పేరు చెప్పను.

టీసీ

రెండేళ్ళు బాగానే గడిచాయి. కవిత ఏడులో మొదట వచ్చింది. లెక్కల్లో ఆ పిల్లను పట్టుకునేవాళ్ళు లేరు. వేసవి సెలవుల్లో ఆ బంగారుపేట బడికి తనిఖీ వచ్చింది. రిజిస్టరులో ఉన్నంతమంది పిల్లలు కూర్చోడానికి ఆ బడిలో బెంచీలే లేవు. వాళ్ళ గుర్తింపు రద్దయింది. మా ఏడో తరగతి పిల్లల టీసీలు ఆ బడి పేరు మీద ఉన్నాయి.

ఎనిమిదిలో చేర్చడానికి మునెమ్మ సెలవు పెట్టుకుని హైస్కూలుకి పోయింది. వాళ్ళు టీసీ చూసి, ఈ బడి సీలు చెల్లదన్నారు. పాప ఈ రెండేళ్ళు ఎక్కడ చదివిందో ఆ బడి నుంచి తెమ్మన్నారు. చదివింది నా బడిలో. నా బడికి ఆరూ ఏడూ లేవు.

పదకొండు మంది పిల్లల్లో ఆరుగురిని తల్లులు బంధువుల ఊళ్ళకు పంపి అక్కడి బళ్ళలో ఎట్లాగో చేర్పించుకున్నారు. ఐదుగురు మిగిలారు. మునెమ్మ నా ఇంటికి వచ్చింది. అరవలేదు. అరిచి ఉంటే నేనూ అరిచేదాన్ని.

"నాకు హక్కు ఉండాది, ఎవురూ మూయలేరు అని చెప్తిరి కదమ్మా. సరే. మీ హక్కు మీకు ఉండాది. నా బిడ్డది యాడ ఉండాది?"

నేను అధ్యక్షుడి పేరు ఎత్తాను, కోర్టు పేరు ఎత్తాను. ఆమె వినలేదు. వినాల్సిన పనీ లేదు. కవిత గుమ్మం దగ్గర నిలబడి గోడకున్న సున్నం గోటితో గీకుతూ ఉంది. మామూలుగా అయితే తిట్టేదాన్ని.

రెండు దారులు

సంఘం అధ్యక్షుడు మర్నాడే ఫోను చేశాడు. నన్ను బెంగుళూరులో ఒక వకీలు దగ్గరికి తీసుకుపోయాడు. కేసు వేద్దాం, ఖర్చు సంఘానిది అన్నాడు. "మీ కేసు బంగారం అమ్మా. నాలుగో తరగతి చదివిన అవ్వ, గని పిల్లలు. జడ్జి కరిగిపోతాడు."

వకీలు వయసులో చిన్నవాడు, మంచివాడు. నాకు అర్థమయ్యేట్టు చెప్పాడు. బడి తెరవడం మీ హక్కే. ఆ బడి ఇచ్చే కాగితానికి విలువ ఇవ్వాలా వద్దా అనేది మాత్రం ప్రభుత్వం చూస్తుంది. గదులు, టీచర్లు, మరుగుదొడ్లు, అన్నీ చూసి. మీ దరఖాస్తు దగ్గర పెట్టుకుని జవాబివ్వకుండా కూర్చోవడం వాళ్ళ తప్పు. దాని మీద కొట్లాడొచ్చు. గెలుస్తాం కూడా.

"ఎన్నాళ్ళు?" అన్నాను.

"రెండేళ్ళు. మూడు కూడా పట్టొచ్చు."

మూడేళ్ళకు కవితకు పదహారు. నేను ఆలోచించుకుని చెబుతానన్నాను. అధ్యక్షుడు రైలు స్టేషను దాకా ఆలోచించొద్దని చెబుతూ వచ్చాడు.

అప్పటికి విద్యాశాఖ ఆఫీసులో కొత్త అధికారిణి వచ్చింది. శాంతమ్మ మేడం. ఆమె ముందు కూర్చునే అలవాటు ఎవరికీ లేదు, ఆమె కూర్చోమనేది కాదు. నా మాటంతా విని, మధ్యలో ఒక్కసారే అడ్డుపడింది. "హక్కు సంగతి నాకు చెప్పొద్దమ్మా, నాకూ తెలుసు. పిల్లల సంగతి చెప్పండి."

చెప్పాను. ఆమె కొంచెం సేపు ఫైలు తిప్పింది.

"ఒక దారి ఉండాది. ఐదు తర్వాత ఏ బడికీ పోని పిల్లలకు పరీక్ష పెట్టి, వయసుకు తగ్గ తరగతిలో చేర్చే అధికారం నాకు ఉండాది. మీరు రాసియ్యాల. ఈ ఐదుగురూ రెండేళ్ళుగా ఏ బడిలోనూ చదవలేదని. ఆ రిజిస్టరు అబద్ధమని, పేర్లు మీరే రాయించినారని."

"చదివినారు కదా మేడం. నా దగ్గర చదివినారు."

"మీ దగ్గర బడి లేదమ్మా. ఆరూ ఏడూ లేదు. ఉండాది అంటే నా దగ్గర దారి లేదు."

"రాసిస్తే నా బడి?"

"ఆరూ ఏడూ ఆ దినమే మూస్తాను. కింది తరగతుల గుర్తింపు ఉంటాదో పోతాదో పైవాళ్ళ ఇష్టం. మీ పక్కన నిలబడి నేను మాట్లాడేది లేదు. తప్పు చేసినారు."

ఇంటికి వచ్చి రెండు రోజులు పిచ్చిదానిలా తిరిగాను. బీరువా సర్దాను, సర్దింది మళ్ళీ సర్దాను. కేసు వేస్తే నేను గెలుస్తాను, పేపర్లో వస్తుంది, కవిత ఇంట్లో కూర్చుంటుంది. రాసిస్తే కవిత చదువుకుంటుంది, రెండేళ్ళు ఐదు గంటలకు లేచి నేను నడిపింది బడే కాదని నా చేత్తో నేను రాయాలి. అంత కష్టంగా అనిపించింది దండన కాదు. ఆ ఒక్క వాక్యం. మా ఆయన కాఫీ తెచ్చి పెట్టి, "నీకు బడి కావాల్నా, బడి పెట్టినావన్న పేరు కావాల్నా?" అన్నాడు. ఆ మనిషి మీద అంత కోపం ఎప్పుడూ రాలేదు.

మేష్ట్రు రాసిపెడతానన్నాడు. వద్దన్నాను. నాకు వచ్చిన కన్నడంలో నేనే రాశాను. ఒక పేజీ రాయడానికి మధ్యాహ్నమంతా పట్టింది. ఒత్తులు కొన్ని తప్పు పడ్డాయి. మేడం చదివి, దిద్దకుండా ఫైల్లో పెట్టుకుంది.

తర్వాత జరిగింది ముందే చెప్పేస్తాను, మళ్ళీ ఆ ఊసెత్తను. ఆరూ ఏడూ మూసేశారు. కింది తరగతులకు హెచ్చరిక ఇచ్చి వదిలిపెట్టారు. సంఘంలో నన్ను ద్రోహి అన్నారు. హక్కును అమ్ముకుందన్నారు. ప్రభుత్వ బడికి పోయే పెద్దపిల్లలు పొద్దున ఐదు నుంచి మా ఇంట్లోనే కూర్చునేవాళ్ళు. మేడం ఒకసారి జీపులో పోతూ చూసి ఆగింది. "వీళ్ళెవరు?" అంది. చెప్పాను. "తరగతి పేరు పెట్టకండి. ఊరికే కూర్చున్నవాళ్ళను రాసుకునేదానికి నా ఫారంలో గడి లేదు" అని వెళ్ళిపోయింది. నాకు పనిపడిన ముప్పై నలభై మంది అధికారుల్లో మంచివాళ్ళున్నారు, తియ్యగా మాట్లాడినవాళ్ళున్నారు. పని జరిగింది మాత్రం ఈమె దగ్గర.

స్టేషన్లో

పరీక్ష పెట్టారు, పిల్లలు రాశారు. ఆర్డరు మాత్రం వారాల తరబడి రాలేదు. హైస్కూలు తెరిచి నెల దాటింది. మునెమ్మకు ఓపిక అయిపోయింది. బెంగుళూరులో ఒక అపార్టుమెంటులో చంటిబిడ్డను ఎత్తుకునే పనికి కవితను రోజూ రైల్లో వెంటబెట్టుకుపోతోందని ఆమె పక్కింటివాళ్ళు చెప్పారు. నేను పోయి ఆపలేదు. ఏ మొహంతో ఆపాలి?

ఆర్డరు ఒకరోజు సాయంత్రం నా చేతికి వచ్చింది. మర్నాడు పొద్దున గంజి పొయ్యి మీద పెట్టి, చూసుకోమని మా ఆయనకు చెప్పి, ఊరిగాం స్టేషనుకు పరుగెత్తాను. ప్లాట్‌ఫారం నిండా జనం. రైలు వచ్చి నిలబడి ఉంది. ఆడవాళ్ళ పెట్టె దగ్గర మునెమ్మ అప్పటికే మెట్టు మీద ఉంది. కవిత కింద, చేతిలో అన్నం సంచి.

"మునెమ్మా, ఆగు. వచ్చింది."

"ఏమి?"

"ఆర్డరు. ఎనిమిదిలో చేర్చుకోమని."

ఆమె నా మొహం వైపు కూడా చూడలేదు. "మీరు చెప్పింది చాలమ్మా. ఎక్కవే పాపా."

కవిత ఎక్కలేదు. నా చేతిలోంచి కాగితం తీసుకుంది. ప్లాట్‌ఫారం దీపం కింద పెట్టి, కన్నడంలో పైకి చదవడం మొదలుపెట్టింది. ఆఫీసు పేరు చదివింది, నంబరు చదివింది. వెనక నుంచి ఎవరో "దోవ విడవండమ్మా, చదువంతా ఈడనే చదవాల్నా?" అని కసిరారు. కవిత చదువుతూనే ఉంది. ఐదు పేర్లలో మూడోది తనది. అక్కడికి వచ్చి ఆగింది. ఆ పేరు పైకి చదవలేదు. తల్లి వైపు చూసింది.

"సీలు ఉండాదా?" అని అడిగింది మునెమ్మ.

"ఉండాది."

"సంతకం?"

"ఉండాది మా."

"ఎవురిది? ఈ యమ్మదా?"

"కాదు. ఆఫీసుది."

రైలు కూత వేసింది. మునెమ్మ మెట్టు మీదనుంచే వంగి కవిత చేతిలోని సంచిలో చెయ్యి పెట్టి, తన డబ్బా తను తీసుకుని, సంచి పిల్లకే వదిలేసింది.

"పో. పొయ్యి చేరుకో. ఈ యమ్మ ఏమి చెప్పినా నమ్మొద్దు. కాగితం చూసి నమ్ము."

రైలు కదిలింది. నేను కవిత చెయ్యి పట్టుకోబోయాను. ఇవ్వలేదు. హైస్కూలు తెరవడానికి ఇంకా ఐదు గంటలుంది. కాగితం నాకివ్వు, తడుస్తుంది, చినుకులు పడుతున్నాయి అన్నాను. ఆ పిల్ల దాన్ని మడిచి, జాకెట్టు లోపల పెట్టుకుని, నాకు నాలుగడుగులు ముందు నడిచింది. పదికి హైస్కూలు హెడ్‌మాస్టరు టేబులు మీద తనే తీసి పెట్టింది.